ఏడు కోతల పద్ధతి

నమోదు 1. ఐదో నెల, 2వ తేదీ

ఉదయం ఏడు గంటలకు కార్యాలయం తెరవడమైనది. తూర్పు గోడ మీద తడి నిన్నటి కంటే అంగుళం పైకి వచ్చింది. చీట్ల పెట్టె సీలు పదిలంగా ఉన్నది. అర్జీలు: ఒకటి. అర్జీదారులు: నలుగురు.

ఈ చివరి అంకెను రెండుసార్లు సరిచూసుకున్నాను. నేను తాత్కాలిక చీట్ల అధికారిగా ఈ కిటికీ వెనుక కూర్చున్న మొదటి ఏడాది నెలకు మూడు వందల అర్జీలు వచ్చేవి. పందొమ్మిదేళ్లు గడిచాయి. నిరుడు పన్నెండు నెలలకు కలిపి పదకొండు వచ్చాయి. సముద్రపు కట్టలోపలి ప్రజల సంతృప్తి ఏటేటా పెరుగుతున్నదనడానికి ఇదే నిదర్శనమని కమిషనర్ గారు వార్షిక సభలో చదువుతారు. సభ చప్పట్లు కొడుతుంది. చప్పట్లు కొట్టమని అడగవలసిన అవసరం కూడా ఇప్పుడు ఉండటం లేదు.

వచ్చిన నలుగురూ పాఠశాల చివరి తరగతివారు. నిరుడే పదహారు నిండి, పెట్టెలో పేరు చీటీ పడినవారు. వారి నాయకురాలు హైమవతి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, చెవి వెనుక సుద్దముక్క పెట్టుకుని ఉన్నది. తక్కినవారు నూకరాజు, జిలానీ, సువార్త. ఉమ్మడి పని అనే పాఠ్యాంశం కింద తామొక ముక్కల ఆట తయారుచేస్తామని, అనుమతి కావాలని కోరారు.

కట్ట కట్టిన మొదటి ఏడాదినుంచీ ముక్కల ఆటలు నిషేధం. చీటీ అనేది ప్రాణానికి సంబంధించిన వస్తువు గనుక దానితో ఆడరాదని నిబంధన. అయితే చదువు నిమిత్తం, చీట్ల అధికారి సమక్షంలో, ప్రత్యేక అనుమతితో ఆడవచ్చునని దాని కిందనే చిన్న అక్షరాలలో ఉన్నది. అరవై మూడేళ్లలో ఆ చిన్న అక్షరాలను చదివినది ఈ అమ్మాయేనని తోస్తున్నది.

"గెలిచినవారికి ఏమి వస్తుంది?" అని అడిగాను.

"ఏమీ రాదు సార్."

"ఓడినవారికి?"

"మళ్లీ ఆడతారు సార్," అన్నది హైమవతి.

"వీడు మాత్రం ఏడుస్తాడు సార్," అని సువార్త నూకరాజును చూపింది.

"నేనెందుకు ఓడతానే? ఆట పేరు పెట్టిందే నేను," అన్నాడు నూకరాజు.

ఆట పేరు 'గట్టు'. పత్రం మీద సంతకాలు చేయించాను. హైమవతి ముందుగా సంతకం చేయబోగా ఆపి, బృంద నాయకులు చివర సంతకం చేయడం మర్యాద అని చెప్పాను. ఆమె కలం దించి, తక్కిన ముగ్గురూ చేసేదాకా ఆగి, చివర చేసింది.

అర్జీ పెట్టినవారి చీటీకి ముద్ర పడవలెనన్న పద్నాలుగో నిబంధన ప్రకారం అటెండరు పైడమ్మ నలుగురి పేరు చీట్లను పెట్టెలోనుంచి తీసి, సంతకాల వరుసలో ముద్ర వేయించి, అదే వరుసలో ఒకదాని మీద ఒకటిగా తిరిగి చీట్ల కట్ట పైన ఉంచినది. సీలు వేయడమైనది.

నమోదు 2. 6వ తేదీ

పాఠశాల నడవలో ఆట మొదటి పరీక్ష జరిగింది. నేను కుర్చీలో, విద్యార్థులు చాప మీద.

ముక్కలు నలభై తొమ్మిది. పాత వడపోత గుడ్డకు గంజి పెట్టి, ఎండబెట్టి కత్తిరించినవి. రాయి, ఇసుక, పంపు, మనిషి అని నాలుగు రకాలు. అల అనే ముక్క మాత్రం ఒకటే. ఆటగాళ్లు తమ ముందు గట్టు కట్టుకుంటూ పోవాలి. అల ఎవరి చేతికి వచ్చిందో వారు దానిని చివరిదాకా దాచి, ఆఖరున చూపాలి. వారి గట్టు పోతుంది. వారు ఓడినట్లు.

ముక్కలు కలపడం ఎలా అన్న ప్రశ్న వచ్చింది. కట్టలోపల బతికి ఉన్నవారెవరికీ ముక్కలు కలపడం తెలియదు. తెలిసిన పద్ధతి ఒక్కటే: ప్రతి నెలా చీటీ రోజున నేను చేసేది. ఆ పద్ధతినే వాడవలెనని ఆదేశించాను. పెట్టెలో చీట్లు ఎప్పుడూ పద్నాలుగు వందలే; ఒకటి తగ్గితే పదహారు నిండినవారి చీటీ ఒకటి అడుగున చేరుతుంది. కొలత పళ్లెంలో పట్టేవి రెండు వందలు. పై నుంచి రెండు వందలు లెక్కించి తీసి అడుగున పెడతాను. ఇలా ఏడుసార్లు. ప్రతి కోతకూ ఒక డప్పు దరువు. పిమ్మట పై చీటీ తీసి చదువుతాను. పేరు వచ్చినవారు మరునాడు సముద్ర ద్వారం గుండా బయటి విధికి వెళతారు. నెలరోజులు పంపుల జాలీకి పట్టిన నాచు, బురద తీస్తారు. ఇప్పటివరకు నా చేతి మీదుగా రెండు వందల ఇరవై ఎనిమిది మంది వెళ్లారు. నలభై ఒక్కరు తిరిగి వచ్చారు. తక్కినవారి విధి ఇంకా కొనసాగుతున్నదని రికార్డులో ఉన్నది.

విద్యార్థులు ఆ పద్ధతిని తమ కట్టకు తగినట్లు కుదించుకున్నారు. ఏడేసి ముక్కల చొప్పున ఏడు కోతలు. జిలానీ నోటితో దరువు వేశాడు. హైమవతి పంచింది.

మూడు ఆటలు ఆడారు. మూడింటిలోనూ అల నూకరాజుకే వచ్చింది.

"నీ మొహం చూస్తే సముద్రానికి కూడా ముద్దొస్తోందిరా," అన్నాడు జిలానీ.

విద్యార్థులు నవ్వారు. నేను నవ్వినట్లు రికార్డు లేదు.

నమోదు 3. 9వ తేదీ

రెండో పరీక్ష. తొమ్మిది ఆటలు. తొమ్మిదింటిలోనూ అల నూకరాజుకే.

ఐదో ఆటకు అతడు చోటు మార్చి సువార్త స్థానంలో కూర్చుంటానన్నాడు. సువార్త ఒప్పుకోలేదు. "నీ చోటు నీదే. నాకెందుకు తగిలిస్తావు?" అన్నది. అప్పటికే ఆమె ముఖంలో నవ్వు లేదు. ఎనిమిదో ఆటకు జిలానీ దరువు వేయడం మానేశాడు. తొమ్మిదో ఆటలో నూకరాజు తన ముక్కలు చూసుకోకుండానే పక్కన పెట్టి, "నాకు తెలుసు," అన్నాడు. పదహారేళ్ల పిల్లవాడు ఆ మాట అన్న తీరు ఎక్కడో విన్నట్లు అనిపించింది. చీటీ రోజున పేరు చదివినప్పుడు చాలామంది అదే గొంతుతో అంటారు. ఆశ్చర్యపోయినవారిని నేను చూడలేదు. ఈ సంగతి ఈ రోజుదాకా నాకు తట్టలేదు.

హైమవతి ముక్కలు పోగు చేస్తూ చేతిలో అల పట్టుకుని ఆగిపోయింది.

"ఓడినవాడి చేతిలో ఉంటుంది కాబట్టి ఇది ఎప్పుడూ చివర ఏరతాం. కట్ట పైన పెడతాం. కదా సార్?"

"అవును."

"తరవాత ఏడు కోతలు. పంచేటప్పుడు మొదటి ముక్క నా కుడివైపు వాడికి. అంటే నూకరాజుకి."

చెవి వెనుక సుద్ద తీసి, ముక్కల వీపు మీద ఒకటినుంచి నలభై తొమ్మిది దాకా అంకెలు వేసింది. వరుసగా పేర్చి, ఏడు కోతలు కోసింది. కట్టను నా వైపు తిప్పింది. పైన ఒకటి. దాని కింద రెండు. దాని కింద మూడు.

"ఏడేసి ఏడుసార్లు తీసి కింద పెడితే నలభై తొమ్మిదీ ఒక చుట్టు తిరిగి వచ్చేస్తాయి సార్. ఇది కలపడం కాదు. ఊరికే చుట్టూ తిప్పడం."

"మరి ఇంతసేపూ నన్ను ముంచింది సముద్రం కాదన్నమాట," అన్నాడు నూకరాజు. అతని గొంతులో సంతోషం వినిపించింది.

ఇది ఆటలోని లోపమని నమోదు చేసి, సరిదిద్దుకోవలసిందిగా విద్యార్థులను ఆదేశించి, కార్యాలయానికి వచ్చాను. మెట్ల దగ్గర ఆగి లెక్క వేశాను.

రెండు వందలను ఏడుతో హెచ్చవేయగా పద్నాలుగు వందలు.

నమోదు 4. 10వ తేదీ

తలుపు మూసి, అర్జీల పుస్తకాన్ని, చీటీ రోజు పుస్తకాన్ని పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఈ రెండు పుస్తకాలు వేర్వేరు అలమరాలలో ఉంటాయి. పక్కపక్కన పెట్టకూడదని నిబంధన లేదు. ఎవరూ పెట్టలేదు, అంతే.

నిరుడు రెండో నెల: చివరి అర్జీ, పడవ మరమ్మతు కోరిన కొండలరావుది. వెళ్లినది కొండలరావు. మూడో నెల: చివరి అర్జీ, పసిబిడ్డకు పాలపొడి కోరిన అచ్చియ్యమ్మది. వెళ్లినది అచ్చియ్యమ్మ. అర్జీ లేని నెలలో, అంతకు ముందటి అర్జీదారు వెళ్లారు. వెనక్కు తిప్పుకుంటూ పోయాను. ఒక్క నెల కూడా తప్పలేదు.

పదకొండేళ్ల కిందటి ఎనిమిదో నెల: మూడో వరుస మంచినీటి గొట్టం గురించి కనకరత్నం పెట్టిన అర్జీ. కనకరత్నం నా భార్య. ఆ అర్జీ పెట్టమన్నది నేను. చిత్తుప్రతిలో ఆమె 'గొట్టం కారుతున్నది' అని రాయగా, అధికార పత్రంలో అది బాగుండదని 'స్రవించుచున్నది' అని దిద్దినది నేను. ఇరవై రోజుల తరవాత ఏడు కోతలు కోసి, పై చీటీ తీసి, స్పష్టమైన ఉచ్చారణతో ఆమె పేరు చదివినది నేను.

ఇందులో వ్యక్తిగత అభిప్రాయాలు రాయరాదు.

ఈ నెల పెట్టెలో పై చీటీ హైమవతిది. ఆమె ముందుగా సంతకం చేయబోతే నేనే ఆపాను. దాని కింద సువార్త, జిలానీ, నూకరాజు. వారి కింద, ఒకటో తేదీన కుట్టుమిషను సూది కోరిన ఒక ముసలామె.

చీటీ రోజు ఇరవై ఎనిమిది.

నమోదు 5. 11వ తేదీ

పైడమ్మను పిలిచి తలుపు వేయమన్నాను. ఆమె నాకంటే ముందునుంచి ఈ కార్యాలయంలో ఉన్నది. చదువు రాదు.

"పైడమ్మా, చీట్లు తిరిగి పెట్టేటప్పుడు ఎక్కడ పెడుతున్నావు?"

"పైనే బాబూ. మీరు సెప్పినట్టే."

"చీటీ రోజున నేను తీసేది ఏ చీటీనో నీకు తెలుసా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "నాను ఆకర్న పెట్టిందే గదా బాబూ. ప్రెతీ నెలా అదే గదా."

"నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"ఎప్పుడేటి? మొదట్నుంచీ. మూల మడతపడిన సీటీ పైన పెడితే, మీరు తీసేది మూల మడతపడిందే. అదే పద్ధతి అనుకున్నాను. మీకు తెలీదా ఏటి?" అని, చాలా నెమ్మదిగా, "అమ్మగారి సీటీ పెట్టిన్రోజు నాను మీ మొకం సూసాను బాబూ. మీరేటీ అన్నేదు. పెద్దోళ్లు, ఏదో కారణం ఉంటాదనుకున్నాను," అన్నది.

తరవాత ఆమె బల్ల తుడిచింది. నేను కిటికీ తెరిచాను. సాయంత్రం దాకా అర్జీలు ఏవీ రాలేదు.

నమోదు 6. 15వ తేదీ

కమిషనర్ గారికి పన్నెండో తేదీన పంపిన రహస్య నివేదికకు జవాబు వచ్చింది. యథాతథంగా:

"ఈ పద్ధతిపై అరవై మూడేళ్లలో ఒక్క అర్జీ కూడా రాలేదు. అభ్యంతరం ఉన్నచో తమరు అర్జీ పెట్టుకోవచ్చును. పందొమ్మిదేళ్లుగా తమ నుంచి ఏ అర్జీ రానందున తమ సంతృప్తిని గుర్తించడమైనది."

ఈ జవాబును పలుమార్లు చదివాను. రాసినవారికి సంగతి తెలియదని ఒకసారి, తెలుసునని ఒకసారి అనిపిస్తున్నది. కమిషనర్ గారు ఎన్నడూ అర్జీ పెట్టలేదు. వారి చీటీ పెట్టెలో ఎంత లోతున ఉన్నదో వారికి తెలిసి ఉండవచ్చు.

నమోదు 7. 19వ తేదీ

మూడో పరీక్ష. విద్యార్థులు లోపాన్ని సరిదిద్దారు. సువార్త ఆలోచన: ముక్కలన్నీ చాప మీద బోర్లా పోసి, రెండు చేతులతో అన్నం కలిపినట్లు కలిపి, తిరిగి పోగు చేయడం. పది ఆటలు ఆడారు. అల నూకరాజుకు మూడు, సువార్తకు మూడు, జిలానీకి రెండు, హైమవతికి రెండు.

ఆట తెలియని వ్యక్తి ఒకరు ఆడి చూడాలని పాఠ్యాంశ నియమం. పైడమ్మను కూర్చోబెట్టాను. రెండో ఆటకే ఆమె, అల జిలానీ దగ్గర ఉన్నదని అతడు చూపకముందే కనిపెట్టింది.

"మామ్మా, నువ్వు నా ముక్కలు చూశావు!"

"నీ ముక్కలెందుకురా సూడ్డం, నీ మొకం సూస్తే సాలదా?"

చాప మీద ముక్కలు కలపడం ఆమెకు అన్నిటికంటే నచ్చింది. పంచడానికి ముందు ఎవరికి ఏది వస్తుందో కలిపినవాళ్లకే తెలియదు గదా అని రెండుసార్లు అడిగింది. తెలియదని హైమవతి చెప్పింది. "అదేటో బాగుంది. సేతులు తేలిగ్గా ఉన్నాయి," అన్నది పైడమ్మ.

అందరూ లేచాక హైమవతి ఒక్కతే ఆగింది.

"సార్, చీటీ రోజు పెట్టె కూడా ఏడు కోతలే కదా."

"కార్యాలయ విషయాలు వెల్లడించరాదు."

"పళ్లెంలో రెండు వందలు పడతాయని మా చిన్నప్పుడు విహారయాత్రలో మీరే చూపించారు."

నేను కుర్చీని గోడకు జరిపాను.

"మా అర్జీకి మా చీట్లు బయటికి తీశారా సార్?"

మాట్లాడకపోవడం కూడా వెల్లడించడమేనని ఆమె ముఖం చూశాక తెలిసింది. చెవి వెనుక సుద్ద కోసం చెయ్యి పెట్టి, అది చేతిలోనే ఉన్నదని మరిచిపోయి వెతుకుతూ ఉన్నది.

"మా అమ్మకి చెప్పకండి సార్," అన్నది.

నమోదు 8. 24వ తేదీ

ఐదు రోజులుగా పరిశీలించిన మార్గాలు:

హైమవతి చీటీని కిందికి జరపవచ్చు. అప్పుడు సువార్త వెళుతుంది. నలుగురినీ జరిపితే కుట్టుమిషను సూది కోరిన ముసలామె వెళుతుంది. ఎవరిని జరిపినా తరవాతి పేరును నేనే ఎంచుకున్నట్లు. ఇంతకాలం తెలియక చేసిన పనిని ఇకపై తెలిసి చేసినట్లు.

చీటీ రోజున కమిషనర్ గారి ఎదుట, మంజూరు లేకుండా, పద్ధతి మార్చవచ్చు. పెట్టె నా చేతిలోనుంచి తీసుకుని మరొకరు ఏడు కోతలు కోస్తారు. వెళ్లేది హైమవతే.

కిటికీ మూసేలోపు కొత్త అర్జీ ఒకటి వస్తే, ఆ అర్జీదారు చీటీ పైకి చేరుతుంది. ఎవరూ రావడం లేదు. నేను ఈ నాలుగు రోజులూ కిటికీ దగ్గర ఎదురుచూస్తున్నది ఎవరో ఒకరు వచ్చి అర్జీ పెట్టాలని. నిన్న ఒకాయన వచ్చాడు. అర్జీల పుస్తకం తెరిచి కలం పట్టుకున్నాను. సమయం ఎంతయిందని అడిగి వెళ్లిపోయాడు. అతడు వెళ్లిపోయాక నేను ఆశపడినది దేనికో తెలిసి, చేతులు కడుక్కున్నాను.

మిగిలిన మార్గం ఒకటి ఉన్నది. దానిని ఇంకా కాగితం మీద పెట్టలేదు.

నమోదు 9. 27వ తేదీ

కిటికీ మూసే వేళకు అర్జీలు: ఒకటి. అర్జీదారు: కొమ్మూరి త్రినాథం, తాత్కాలిక చీట్ల అధికారి. విషయం: ఏడు కోతల పద్ధతి వలన చీట్లు కలవడం లేదు గనుక, ఇకపై చాప మీద పోసి కలపవలెనని విన్నపం.

నా అర్జీని నేనే స్వీకరించి, నాకు రసీదు ఇచ్చుకున్నాను. పైడమ్మ నా చీటీ తీయడానికి ఒప్పుకోలేదు.

"ఒద్దు బాబూ. ఈ సేత్తో అమ్మగారి సీటీ పెట్టాను. మీది కూడానా?"

"నిబంధన, పైడమ్మా."

"నిబందనకి సేతులుండవు. ఉన్నయి నావి." కాసేపటికి కళ్లు ఒత్తుకుని, చీటీ పైన పెట్టింది. సీలు వేసేటప్పుడు లక్క నా వేలి మీద పడింది.

సాయంత్రం విద్యార్థులు నలుగురినీ పిలిచి ఆటకు అనుమతి పత్రం ఇచ్చాను. దానితోపాటు ఒక సలహా ఇచ్చాను.

"ఇరవై రెండో నిబంధన కంఠస్థం చేయండి. ముప్పై రోజులలో జవాబు రాని అర్జీ మంజూరైనట్లే. అయితే గడువు తీరాక ఎవరైనా వచ్చి నలుగురి ఎదుట అడగవలెను. ఈ మధ్య కాలంలో అడగడానికి అర్జీదారులెవరూ మిగలలేదు."

"పరీక్షలో వస్తుందా సార్?" అన్నాడు నూకరాజు.

"వచ్చే నెల ఇరవై ఎనిమిదిన."

హైమవతి రసీదు వైపు, నా వైపు చూసింది. జేబులోనుంచి ఆట కట్ట తీసి బల్ల మీద పెట్టింది. "ఇంకో కట్ట చేసుకుంటాం సార్," అన్నది.

నా తరవాత పెట్టెలో పై చీటీ మళ్లీ ఆమెదే. నేను కొన్నది ఒక్క నెల.

నమోదు 10. 28వ తేదీ

ఏడు కోతలు. ఏడు దరువులు. పై చీటీ తీసి, స్పష్టమైన ఉచ్చారణతో నా పేరు చదివాను. సభలో ఎవరూ ఆశ్చర్యపోలేదు.

నమోదు 11. ఆరో నెల, 4వ తేదీ. బయటి గుడిసె

బయటి విధిలో ఉన్నవారు దినచర్య రాయవలెనని నిబంధన ఉన్నందున పుస్తకం వెంట తెచ్చుకున్నాను.

రాతి గుడిసె. తలుపు లేదు. ఆటు వేళ జాలీ దగ్గరికి నడవాలి: మూడు వందల నలభై అడుగులు, నడుములోతు నీరు. పోటు వేళ గుడిసెలోకి నీరు వస్తుంది, అటక ఎక్కాలి. సముద్రానికి ఇటువైపునుంచి కట్ట ఎంత ఎత్తుగా కనిపిస్తుందో లోపలివారికి తెలియదు.

ఇక్కడినుంచి తిరిగి వెళ్లే పద్ధతి: మరుసటి చీటీ రోజు గడిచాక, కొత్త వ్యక్తిని పంపడానికి ద్వారం తెరుస్తారు. ఏడు దరువుల సేపు తెరిచి ఉంటుంది. ఆలోపు చేరుకున్నవారు లోపలికి పోవచ్చు. ద్వారం ముందు నిలబడి ఎదురుచూసినచో తెరవబడదు. జాలీ దగ్గర పనిలో ఉండగా దరువు మొదలైతే చేరుకోవడం సాధ్యం కాదు. అడుగులు లెక్కపెట్టి చూశాను. ఈ నియమానికి శుభ్రప్రతి రాసినది నేనే. అప్పుడు ఏడు అనే అంకె అందంగా తోచింది.

నమోదు 12. 11వ తేదీ

అటక గోడ మీద గీతలున్నాయి. నాచు అనుకున్నాను. గీకి చూస్తే అక్షరాలు.

మేకుతో, గవ్వతో చెక్కినవి. అన్నీ అర్జీలే. పడవ మరమ్మతు. పాలపొడి. నాలుగో వరుస దీపం. వచ్చినవారంతా ఇక్కడ కూడా తమ అర్జీనే మళ్లీ రాశారు, ఎవరైనా చదువుతారన్నట్లు. కొందరు తేదీ కూడా వేశారు. మూలన కనకరత్నం చేతిరాత ఉన్నది. 'మూడో వరుస గొట్టం కారుతున్నది.' నేను దిద్దిన మాట వాడలేదు. దాని కింద, వేరే రోజున చెక్కినట్లు ఇంకా లోతుగా: 'త్రినాథం గారికి తెలిసి ఉండదు.'

ఈ రోజు జాలీ దగ్గరికి వెళ్లలేదు. కారణం: పోటు.

ఆ సమయంలో ఆటు ఉన్నది.

నమోదు 13. 26వ తేదీ

ముప్పై రోజులు కావస్తున్నాయి. ఆట కట్టతో ఒంటరిగా ఆడుతున్నాను. నాలుగు చేతులకూ నేనే పంచి, నాలుగు చేతులూ నేనే ఆడి, అల ఎవరికి వస్తే వారి పేరు రాసుకుంటున్నాను. హైమవతికి వచ్చినప్పుడల్లా ఆట ఆపి మళ్లీ కలుపుతున్నాను. ఇది నిబంధనలకు విరుద్ధం.

ఎల్లుండి డప్పు వినిపిస్తుంది. ఆ మరునాడు ద్వారం తెరుచుకుంటుంది. పొట్టి జుట్టు కనిపిస్తే ఏమి చేయాలో ఆలోచించి పెట్టుకోలేదు.

నమోదు 14. 29వ తేదీ

నిన్న కోతల డప్పు వినిపించలేదు. రోజంతా చెవి గోడకు ఆనించి ఉన్నాను. ఒక్క దరువూ లేదు. పద్ధతి మారిందో, నాకు వినికిడి పోయిందో తెలియలేదు.

ఈ ఉదయం ద్వారం దరువు మొదలైంది. గుడిసెలోనుంచి నీళ్లలో పడి పరిగెత్తాను. ఐదో దరువుకు మెట్లు చేరాను. ద్వారం నా కళ్ల ముందు తెరిచి ఉన్నది. దానిలోనుంచి ఒక మనిషిని బయటికి తోశారు. లావుపాటి మగ మనిషి. ఉప్పు గిడ్డంగి కాపలాదారు గవరయ్య. పదేళ్లుగా నాకు తెలుసు. ఒక్కనాడు కూడా కిటికీ దగ్గరికి రాలేదు.

నన్ను పట్టుకుని ఏడ్చాడు. "నేనెప్పుడూ అర్జీ పెట్టలేదండీ! మా ఇంటి కప్పు మూడేళ్లుగా కారుతున్నా నోరెత్తలేదండీ! అర్జీ పెట్టినవాళ్లనే గదండీ తీస్తారు, నన్నెందుకు తీశారండీ?"

ఆరో దరువు.

నేను లోపలికి పోవచ్చు. నాలుగు మెట్లు.

"ఎలా కలిపారు?" అని అడిగాను.

"ఆఁ?"

"చీట్లు. చీట్లు ఎలా కలిపారు, గవరయ్యా? సరిగ్గా చెప్పు."

"ముసలమ్మ చాప పరిచిందండీ. పెట్టె మొత్తం బోర్లించేసింది. అన్నం కలిపినట్టు రెండు చేతులా కలిపేసిందండీ. కమిషనర్ గారు ఆగమని లేచారు. ఆ పొట్టి జుట్టు పిల్ల, దాంతో ఇంకో ముగ్గురు, ఇరవై రెండో నిబంధనని అరిచారు. జనం కూడా అరిచారు. ఆయన కూర్చున్నారండీ. చీటీ తీసేదాకా ఆయన కళ్లు చాప మీదే ఉన్నాయి. అందరివీ అక్కడేనండీ. అంత భయం నేనెప్పుడూ చూళ్లేదు."

"పై చీటీ తీసి చదివింది ఎవరు?"

"మీ చోట ఇంకా ఎవరినీ వెయ్యలేదండీ, పైడమ్మకి చదువు రాదు గదండీ. ఆ పిల్లే చదివింది. నా పేరు చదువుతూ ఏడ్చింది."

నాకు కలిగినది సంతోషమని చెప్పక తప్పదు. ఒక మనిషి నా చొక్కా పట్టుకుని చావుభయంతో ఏడుస్తుండగా, అతని పేరు ఎవరూ ఎంచకుండా వచ్చినందుకు, ఆ పేరు హైమవతిది కానందుకు, నేను సంతోషించాను.

తల ఎత్తేసరికి ద్వారం మూసి ఉన్నది. ఏడో దరువు ఎప్పుడు పడిందో నేను వినలేదు.

మధ్యాహ్నం. పడమటి గోడ మీద తడి: మోకాలి ఎత్తు. తిండి: గవరయ్య తెచ్చినది, ఒకరికి సరిపడేది. మనుషులు: ఇద్దరు. ఈ విషయమై అర్జీ పెట్టుకోవడానికి ఇక్కడ కిటికీ లేదు, గోడ ఉన్నది. మేకు తీసి 'ద్వారం దరువులు ఏడు చాలవు' అని చెక్కాను. మంచి భాష కోసం ప్రయత్నించలేదు.

పోటు ఎక్కుతున్నది. అటక మీద ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. గవరయ్య పళ్లు కొట్టుకుంటున్నాయి. ముక్కలు బోర్లా పోసి, రెండు చేతులతో కలిపి, పోగు చేసి మా మధ్య పెట్టాను. అతడు చాలాసేపు ఆ కట్టను చూశాడు.

"పై ముక్క ఏదండీ?" అన్నాడు.

తెలియదని చెప్పాను.